కడగొట్టు వీధి నీళ్లు

అనగనగా, తాగడానికి కొండ ఊట తప్ప వేరే నీరు లేని నగరం ఒకటి ఉండేది. ఊట నీరు రాతి కాలువలో దిగి, కోట పక్కగా పారి, వీధులన్నీ తిరిగి, కడగొట్టు వీధిలో ఆగేది. ఆ నగరంలో ఒక కట్టుబాటు ఉంది. కాలువను కాచే అధికారి కాపురం కడగొట్టు వీధిలోనే ఉండాలి. ఊరందరూ తోడుకోగా మిగిలిన నీళ్లే అతనూ తాగాలి.

కాచన ఆ కొలువు చేసి చేసి అలసిపోయాడు. అద్దకంవాళ్లు కాలువలో రంగు బట్టలు జాడిస్తే వద్దనేవాడు, వాళ్లు తిట్టేవారు. వర్తకుడు తన తోటకు దొంగ గండి కొడితే పూడ్చేవాడు; అతను బెదిరించేవాడు. దండనాయకుడి ఏనుగులు కాలువలో దిగితే తోలించేవాడు. ఆయన ఏమీ అనేవాడు కాదు, ఊరికే చూసేవాడు. ఇల్లు చేరేసరికి కాచనకు తల ప్రాణం తోకకు వచ్చేది.

రాజు జాలిపడ్డాడు. "కాచనా, పెద్దవాడివయ్యావు. కోట పక్కన మేడ ఇస్తున్నాను. ఇక అక్కడ ఉండు" అన్నాడు.

కట్టుబాటు గుర్తుచేసే ఓపిక కూడా కాచనకు లేదు. వెళ్లాడు. మేడ గుమ్మం ముందే కాలువ. నీళ్లు తేటగా, చల్లగా ఉన్నాయి. కడుపారా తాగి, ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయాడు. కాలువ వెంట తిరగడం తగ్గించాడు. అంత అలసినవాణ్ని తప్పుపట్టడానికి మనకూ మనసు రాదు.

కొన్నాళ్లకు పాత ఇంటి పక్కనుండే పోలమ్మ వచ్చింది. "అయ్యా, నీళ్లు సన్నగా వస్తున్నాయి."

"ఎండాకాలం కదమ్మా" అన్నాడు కాచన.

మళ్లీ వచ్చింది. "అయ్యా, నీళ్లు ఎర్రగా వస్తున్నాయి."

కాచన గుమ్మం దిగి దోసిలి పట్టి తాగాడు. "బాగానే ఉన్నాయి గదమ్మా. గుడ్డ కట్టి వడబోసుకో." పాపం, అబద్ధమేమీ ఆడలేదు. అతని నీళ్లు బాగానే ఉన్నాయి.

మూడోసారి పోలమ్మ గుమ్మంలోనే కూలబడింది. "మనవరాలికి వాంతులు, విరేచనాలు. కళ్లు తెరవడం లేదు. నీకు చెప్పుకోవడానికి రాలేదు అయ్యా. పిల్లకు పట్టడానికి ఒక కుండ నీళ్లు అడుక్కుపోదామని వచ్చాను."

కాచన సిగ్గుతో తలెత్తలేకపోయాడు. కుండ నింపి తానే భుజాన మోసుకెళ్లాడు. పోలమ్మ గంజి కాచి ఉప్పు వేస్తే, పిల్ల తల ఒళ్లో పెట్టుకుని చుక్కచుక్కగా పట్టాడు. తరువాత తిన్నగా రాజు ముందుకు పోయి జరిగిందంతా చెప్పాడు.

"మేడ వెనక్కి తీసుకోండి ప్రభూ. అందులో నేను కళ్లుండీ గుడ్డివాణ్ని."

"నువ్వు పోవడమెందుకు? తప్పు చేసినవాళ్లను దండిస్తాను" అన్నాడు రాజు.

"ఇవాళ దండిస్తారు, రేపు మరిచిపోతారు. ఆ నీళ్లు తాగి బతికిన నేనే మరిచిపోయాను. ఒక్కటే అడుగుతాను. ఇకమీద కోటలో తాగే నీళ్లు కడగొట్టు వీధి నుంచి రావాలి."

సభ గొల్లున నవ్వింది. "ఆ మురికి ప్రభువులు తాగాలా?" అన్నాడు దండనాయకుడు.

"ప్రభువులు తాగలేని నీళ్లు పోలమ్మ మనవరాలు మాత్రం ఎందుకు తాగాలి?" అన్నాడు కాచన నీరసంగా.

రాజు నవ్వలేదు. ఆ పూటే కడగొట్టు వీధి నుంచి కుండ తెప్పించాడు. ఎర్రటి నీళ్లు ఒక గుక్క మింగి, రెండో గుక్క మింగలేక, పాత్రను దండనాయకుడికి అందించాడు.

మర్నాడు ఏనుగులు ఊరవతల చెరువుకు మళ్లాయి. వర్తకుడు అడగకుండానే గండి పూడ్చాడు. అద్దకంవాళ్లకు ఊరి దిగువన వాగు చూపించారు. కాచన ఏళ్లతరబడి అరిచినా కానిది, ఒక్క గుక్కతో అయింది.

పోలమ్మ మనవరాలు మెల్లగా కోలుకుంది. కాచన పాత ఇంటికి వచ్చేశాడు. కోట కుండలూ ఆ వీధిలోనే నిండసాగాయి. తెల్లారగానే కుండల దగ్గర మళ్లీ తగవు. ఉస్సురంటూ లేచి, కర్ర అందుకుని బయలుదేరాడు.

ఊరికి నీళ్లు పంచేవాడు ఊరందరి తరువాతే తాగాలి.