రాజుగారి బదులు బొట్టుగాడు

అనగనగా ఒక రాజు. ఊరి పేరు అడక్కండర్రా, నాకు గుర్తులేదు. రాజు పేరు మల్లభూపతి. మంచం దిగితే పల్లకీ, పల్లకీ దిగితే పీట. కాలు నేల మీద పెడితే ఒట్టు. తిండి దగ్గర మాత్రం ఏది వడ్డించినా వద్దనేవాడు కాదు, అచ్చం మీ తాతయ్యలాగే.

ఆయన కోడలు కనకాంబ నీళ్ళోసుకుంది. పుట్టబోయే మనవణ్ణి ఎత్తుకుని తిప్పాలని రాజుకి ఒకటే మురిపెం. ఇంతలో వైద్యుడొచ్చి నాడి పట్టుకుని, వాచిన కాళ్ళు నొక్కి చూసి, రోజూ చెరువు చుట్టూ ఒకసారి నడవండి మహారాజా, లేకపోతే మనవణ్ణి ఎత్తుకోవడం దేవుడెరుగు, మంచం కూడా దిగలేరు అన్నాడట. ఊ కొడుతున్నారా?

రాజు ఏం చేశాడూ? నా బదులు నువ్వు నడువు, నువ్వు నడిస్తే నేను నడిచినట్టేనని మంత్రికి చెప్పాడు. మంత్రికి మోకాళ్ళ నొప్పి, సేనాపతికి చెప్పాడు. సేనాపతికి ఎండ పడదు, బంటుకి చెప్పాడు. బంటుకి బద్ధకం, వంటవాడికి చెప్పాడు. వంటవాడికి పొయ్యి మీద పులుసు, వాకిట్లో కుక్కకి చెప్పాడు. ఆ కుక్క పేరు బొట్టుగాడు. వాడికి చెప్పుకోవడానికి ఎవరూ లేరు పాపం, వాడే నడిచాడు. ఆ నడకైనా ఎంత సుళువనుకున్నారు, ఎగుడు లేదు దిగుడు లేదు, గట్టు పొడుగునా చల్లటి గాలి.

మూణ్ణెల్లకి వైద్యుడు మళ్ళీ వచ్చాడు. బొట్టుగాడు నిగనిగలాడుతున్నాడు, రాజు కాళ్ళు ఇంకా వాచాయి. ఇక నా వల్ల కాదని వైద్యుడు సంచి సర్దుకుంటుంటే రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నవ్వకండర్రా, రాజులూ ఏడుస్తారు.

మర్నాడు కనకాంబ రాజుగారి గారెల పళ్ళెం చెరువు అవతలి గట్టుకి పంపించేసింది. "మామయ్యగారూ, మీ నడక బొట్టుగాడు నడిచాడు కదా, మీ భోజనం కూడా వాడే చేస్తాడు. వాడు తింటే మీరు తిన్నట్టే" అందట.

పల్లకీ తెమ్మంటే బోయీలు లేరు. ఆ మహాతల్లే వాళ్ళకి సెలవిచ్చి పంపింది. చేసేదిలేక రాజు లేచాడు. నాలుగడుగులు వేస్తూ, కూలబడుతూ వెళ్ళేసరికి బొట్టుగాడు మూతి నాక్కుంటున్నాడు. ఆ పూటకి మజ్జిగే గతి. మర్నాడు కాస్త ముందు బయల్దేరాడు, ఒక గారె దక్కింది. ఆ మర్నాడు రెండు. నెల తిరిగేసరికి ఇద్దరూ పక్కపక్కన నడిచి వెళ్ళి చెరిసగం తింటున్నారు. తర్వాత పళ్ళెం పంపడం మానేసినా రాజు నడక మానలేదు. బొట్టుగాడు గుమ్మంలో తోకాడిస్తే చాలు, లేచేవాడట.

మనవడు అనుకుంటే మనవరాలు పుట్టింది. ఏం, మనవరాలైతే చేదా? బారసాల నాడు రాజు ఆ పసిదాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని చెరువు గట్టుమీద నడుస్తున్నాడు, ముందు బొట్టుగాడు. మంత్రి ఎదురొచ్చి, అలిసిపోతారు మహారాజా, మీ బదులు కాసేపు నేనెత్తుకుంటాను అన్నాడు.

రాజు పాపని గుండెలకి హత్తుకుని, "ఈ పనికి నా బదులు ఎవరూ వద్దయ్యా" అన్నాడు.

అందుకేనర్రా, మన నడక మనమే నడవాలి. కథ తన కాళ్ళతో తను కంచికి నడిచి వెళ్ళింది, మనం దుప్పట్లో దూరదాం.