కెంపి నడుమ గుంట

ఒకప్పుడు ఎర్ర కణాలు గోళీకాయల్లా గుండ్రంగా ఉండేవి. వాటి నడుమ ఇప్పుడున్న గుంట అప్పుడు లేదు. ఆ చోట ఒక అవ్వ కూర్చుని ఉండేది.

నవ్వకండి. కణమంటే చిన్న ఇల్లు. దాని నడిమి గదిలో ఒక అవ్వ ఉంటుంది. చదువుకున్నవాళ్లు ఆవిణ్ణి కేంద్రకం అంటారు. ఏం వండాలో, చిరిగిన గోడ ఎలా కుట్టుకోవాలో, ఒక కణం రెండుగా ఎప్పుడు విడిపోవాలో అన్నీ ఆవిడకే తెలుసు. అవ్వను అడక్కుండా కణం ఆవగింజంత పని కూడా చెయ్యదు.

ఈ కథలో కణాలన్నీ ఒక చుంచెలుక ఒంట్లో ఉండేవి. చుంచెలుక చిన్నదే, దాని ఒళ్లు మాత్రం పెద్ద దేశం. ఒకే పని చేసే కణాలు ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నాయి. బరువులు లాగే కండ కణాలది ఒక వీధి, కబుర్లు మోసే నరాల కణాలది ఇంకో వీధి. అలాంటి వీధికే కణజాలమని పేరు. నాలుగైదు వీధులు ఒకచోట కలిస్తే ఒక ఊరు, అంటే అవయవం. గుండె అలాంటి ఊరే, కడుపూ అలాంటిదే.

మన కెంపి ఒక ఎర్ర కణం. ఎముక లోపలి మూలుగ దాని పుట్టిల్లు. పెద్దయ్యాక రక్తంలోకి వచ్చింది. రక్తం కూడా ఒక వీధే, కాకపోతే ఒకచోట నిలవదు, దేశమంతా తిరుగుతుంది. ఊపిరితిత్తుల ఊళ్లో గాలి ఎత్తుకోవడం, గుమ్మం గుమ్మానికీ వెళ్లి దించడం, ఇదీ కెంపి పని.

అన్నిటికన్నా దూరాన, వెనక కాలి చివర, చిట్టి అనే కండ కణం ఉండేది. కెంపి కనబడగానే "అత్తా, వచ్చావా!" అని గంతులేసేది. ఆ పిలుపంటే కెంపికి ప్రాణం.

ఒక పొద్దున చుంచెలుక మిడతను నములుతుంటే గడ్డిలోంచి పాము లేచింది. చుంచెలుక పరుగు లంకించుకుంది. కాళ్లకు ఒక్కసారిగా బోలెడు గాలి కావలసి వచ్చింది. కెంపి ఎత్తగలిగినంత ఎత్తుకుని ఉరికింది. చిట్టి ఇంటి ముందు సందు వెంట్రుక కన్నా సన్నం. సరిగ్గా అక్కడ కెంపి ఇరుక్కుపోయింది. కడుపులో అవ్వ గట్టి ఉండలా ఉంది మరి, వంగదు, అణగదు. వెనక వస్తున్నవాళ్లంతా ఒకరినొకరు గుద్దుకున్నారు.

"నడవ్వేమే, నీ దుంప తెగ!" అని వెనకనుంచి ఒకడు అరిచాడు.

"ఇరుక్కున్నానురా! నీకు సరదాగా ఉందా?"

చుంచెలుక ఎలాగో రాళ్ల సందులో దూరి బతికింది. తోక కొస మాత్రం పాము నోట్లో పోయింది. కెంపి గుమ్మం చేరేసరికి చిట్టి సొమ్మసిల్లి ఉంది. కాస్త గాలి పోశాక కళ్లు తెరిచింది.

"ఇంకొంచెం ముందొస్తే బాగుండేది అత్తా," అంది.

ఆ సాయంత్రం ఎర్ర కణాలన్నీ మూలుగలో చేరాయి. "ఇంకా ఎక్కువమందిమి పోదాం," అన్నాడొకడు. పోయారు. ఇరుకు సందులో మరింత ఇరుక్కున్నారు. తెలివి ఉండొద్దూ! "ఇంట్లో సామాను పారేద్దాం," అంది ఇంకొకతె. పారేశారు. అయినా చోటు చాలలేదు.

అప్పుడు కెంపి కడుపులోని అవ్వ గొంతు సవరించుకుంది.

"చోటంతా నేనే తినేస్తున్నానే పిల్లా. నన్ను దించెయ్."

"అలాంటి మాటలనకు అవ్వా."

"పూర్తిగా విను. నన్ను దించితే నీకు పిల్లలుండరు. ఒళ్లు చిరిగితే కుట్టే దారి చెప్పేవాళ్లుండరు. కొన్నాళ్లే బతుకుతావు."

"బతుకు సంగతి కాదు. నువ్వు లేకపోతే నేనెవర్ని అడగాలి?"

"ఏమడుగుతావే? ఎత్తుకోవడం వచ్చు, దించడం వచ్చు. చిట్టి ఇల్లు తెలుసు."

కెంపి ఒప్పుకోలేదు. మూడు రోజులు మొహం ముడుచుకుని తిరిగింది. మూడో రోజు చిట్టి వీధికి వెళ్తే పక్కింటి కణం లేవలేదు. ఎంత గాలి పోసినా లేవలేదు.

"పిలవకత్తా," అంది చిట్టి. "నిన్నటినుంచీ పలకడం లేదు."

కెంపి తిన్నగా మూలుగకు వచ్చింది. "అవ్వా," అంది.

అవ్వే లేచింది. గోడను ఒక పక్కకు తోసుకుంటూ మెల్లగా బయటికి జారింది. వెళ్తూ వెళ్తూ కెంపిని ఒకసారి తడిమి, "ఒళ్లు జాగ్రత్త," అంది. మూలుగలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక పెద్ద కణం ఉంది. ఆవిడ చేతులు చాచి అవ్వను తనలో కలిపేసుకుంది.

కెంపి నడుము లోపలికి దిగిపోయింది. అటొక గుంట, ఇటొక గుంట. చూసుకుని భోరుమంది. ఏడుస్తూనే ఊపిరితిత్తులకు వెళ్లి గాలి ఎత్తుకుంది. ఇంకా చోటుంది! ఇంకా ఎత్తుకుంది. సన్న సందులో దోసెలా మడుచుకుని సర్రున జారిపోయింది.

మర్నాడు పాము మళ్లీ లేచింది. గుండె ఊరంతా దడదడలాడింది.

"అత్తా, గాలి!"

"ఇదిగో, తీసుకో! ఇంకా ఉందే తల్లీ, తీసుకో!"

చిట్టి లాగింది. చిట్టి వీధంతా కలిసి లాగింది. చుంచెలుక ఒక్క దూకు దూకింది. పాము నోట్లో గడ్డిపరక మిగిలింది.

అది చూసి తక్కిన ఎర్ర కణాల్లోని అవ్వలూ ఒక్కొక్కరే లేచారు. కప్పకూ కోడికీ ఈ కబురు అందలేదు, వాటి ఎర్ర కణాల్లో అవ్వలు ఇంకా కూర్చునే ఉన్నారు. చుంచెలుకలోనూ, పాలు తాగి పెరిగే మనందరి ఒంట్లోనూ మాత్రం అప్పటినుంచే ఎర్ర కణం మూలుగలో అవ్వను దించి, ఆవిడ కూర్చున్న చోట గుంటతో బయలుదేరుతుంది. మన ఒంట్లోనైతే నాలుగు నెలలు, ఎవర్నీ ఏమీ అడక్కుండా, కాలి చివరిదాకా గాలి మోస్తూనే ఉంటుంది.