ఐదున్నరకే నిద్ర

అనగనగా ఒక ఊళ్ళో, ఎండ ఇంకా గోడల మీద ఉండగానే మనుషుల్ని పడుకోబెట్టేసే ఇల్లు ఒకటి ఉండేదమ్మడూ. చంటిపిల్లలనుకునేవు, కాదు. పన్నెండుమంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరికి ముప్పై, నలభై ఏళ్ళు. పుట్టుకతోనే బుద్ధి కాస్త నెమ్మదిగా ఎదిగినవాళ్ళు. చూసుకునే దిక్కు లేక ఆ ఇంట్లో ఉండేవారు.

వాళ్ళల్లో పైడమ్మ అని ఒకావిడ. మాట నెమ్మది, నడక నెమ్మది. పగలంతా విస్తళ్ళు కుట్టేది. ఆవిడకి ఒకటే కోరిక. సాయంత్రం వీధరుగు మీద కాసేపు కూర్చోవాలి, పిల్లలు ఆడుకుంటుంటే చూడాలి. అంతే. అదేమన్నా రాజ్యం అడగడమా?

కానీ ఐదింటికే అన్నం పెట్టేసేవారు. ఐదున్నరకి కిటికీలు మూసి, దోమతెరలు దించి, తలుపు గడియ పెట్టేసేవారు. ఆరింటికి వాళ్ళని చూసుకునే ఆయా తనింటికి వెళ్ళిపోవాలి కదా, అందుకని. ఆ పన్నెండుమందీ కళ్ళు తెరుచుకుని పడుకుని, బయట పిల్లల కేకలు వింటూ ఉండేవారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఒకరోజు పైడమ్మ ఆయాని అడిగింది, కాసేపు అరుగు మీద కూర్చుంటానని. ఆయా మంచిదే, కానీ రూలు ఒప్పుకోదంది. ఆ తర్వాత మేనేజరుని అడిగింది. ఆయన పైడమ్మ వైపు తలైనా తిప్పకుండా, ఇదంతా వాళ్ళ క్షేమం కోసమేనని ఆయాతో చెప్పాడు. అడిగిందెవరు, ఆయన చెప్పిందెవరికి?

కొన్నాళ్ళకి పట్నం నుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఏమడిగినా 'బాగుందండి' అనాలని ముందురోజే అందరికీ నేర్పించారు. ఆయన వరసగా అడిగాడు, అందరూ బాగుందండి అన్నారు. అప్పుడు పైడమ్మ దగ్గరికొచ్చి, నిద్ర బాగా పడుతోందా అన్నాడు.

పైడమ్మ నోరు విప్పేలోపే మేనేజరు తనే బదులు చెప్పబోతే, ఆఫీసరు చెయ్యెత్తి ఆగమన్నాడు.

"మీరెన్నింటికి పడుకుంటారు బాబూ?" అంది పైడమ్మ.

"పదింటికమ్మా."

"ఎవరు పడుకోబెడతారు?"

ఆఫీసరు అక్కడే కుర్చీ వేసుకుని, ఐదున్నరకి ఆ దోమతెరలు దిగడం కళ్ళారా చూశాడు. ఆ తర్వాత సాయంత్రాలకి ఇంకో ఆయాని పెట్టించి, తలుపుకి గడియ ఉండకూడదని కాగితం రాసిచ్చాడు.

మరి ఆ వీధివాళ్ళంతా ఏం చేస్తున్నారు ఇన్నేళ్ళూ అంటావు. రోజూ ఆ మూసిన తలుపు ముందునుంచే నడిచారు. పాపం, తొందరగా నిద్రొస్తుంది కాబోలు అనుకున్నారు. ఒక్కళ్ళన్నా అడగలేదు. వాళ్ళల్లో నేనూ ఉన్నానమ్మడూ. ఆ మంటలో సగం నా మీదే.

తలుపు తీసిన మొదటిరోజు నేను వెళ్ళి పైడమ్మ పక్కన అరుగు మీద కూర్చున్నాను. పిల్లల ఆట చూసి పకపకా నవ్వింది. ఏడింటికల్లా ఆవలించింది. ఇంకాసేపు ఉండమన్నాను.

"నాకు నిద్రొస్తోంది," అని లేచి, తనే లోపలికెళ్ళి, తన దోమతెర తనే దించుకుంది.

కథ పోయింది కంచికి,
మనమొచ్చాం ఇంటికి,
నిద్ర రావాలి కంటికి,
గడియెందుకు మంచానికి?