మందులిచ్చే గాడిదకెంత, కట్లు కట్టే మేకకెంత?

అడవి ఆసుపత్రికి డాక్టరు ఎలుగుబంటి. పేరుకే డాక్టరు. ఇప్పపూలు రాలే రోజుల్లో, అవి తిని ఎక్కడో మత్తుగా పడుండే ఆయన్ని వెతికి పట్టుకోవడం బ్రహ్మతరం కాదు. అందుకని ముల్లు దిగినా, కాలు విరిగినా, పాము కరిచినా చూసుకునేది ఇద్దరు నర్సులే. ఒకామె గాడిద పైడమ్మ, ఇంకొకామె మేక నూకాలు. వీళ్ళ మీద మేనేజరు నక్క పేరయ్య. నక్కని మేనేజరుగా ఎవరు పెట్టారని నన్నడక్కండి. అలాంటి కుర్చీల్లోకి నక్కలు ఎలా వస్తాయో మీకూ తెలుసు.

పైడమ్మకి ఓర్పెక్కువ. నూకాలుకి అనుమానమెక్కువ. పోసిచ్చిన నీళ్ళు కూడా రెండుసార్లు వాసన చూసి గానీ తాగదు.

ఒకప్పుడు ఇద్దరూ మామూలు నర్సులే, ఒకే తొట్టిలో తినేవాళ్ళు. రెండేళ్ళ కిందట పైడమ్మ ఎలుగుబంటి దగ్గర పైచదువు చదివి, పరీక్ష నెగ్గి, నర్సు ప్రాక్టీషనరు అయింది. అంటే రోగిని తనే చూసి, తనే మందివ్వొచ్చు. ఆ పేరుకి అడవిలో ఎవరికీ నోరు తిరగక 'మందులిచ్చే నర్సు' అన్నారు. నూకాలు మాత్రం ఎప్పట్లాగే పుళ్ళు కడుగుతూ, కట్లు కడుతూ ఉండిపోయింది.

చదువు పెరిగింది కాబట్టి జీతమూ పెరిగే ఉంటుంది. ఎంత పెరిగిందన్నది తెలియదు. దాంతో నూకాలుకి కడుపుమంట మొదలైంది. 'అక్కా' అనే పిలుపు మానేసి 'మేడమ్ గారూ' అనడం మొదలుపెట్టింది. పైడమ్మ కూడా తొట్టి మార్చుకుని, అటు తిరిగి తింటోంది. దాచుకుని తింటోందంటే దాచుకునేంత ఉన్నట్టే కదా. ఒకరోజు నూకాలు ఉండబట్టలేక, "గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన అనేవాళ్ళు. ఇప్పుడు మందుల వాసన కూడా తెలిసిపోయిందట," అని కుందేలు దగ్గర అనేసింది. కుందేలుకి చెవులు పెద్దవి, నోరు ఇంకా పెద్దది. సాయంత్రానికల్లా ఆ మాట పైడమ్మకి చేరింది.

నేరుగా జీతమెంతో అడిగేస్తే పోయేది కదా అంటారేమో. అడగనిస్తేనా? పేరయ్య వచ్చిన రోజునే అందరికీ నూరిపోశాడు. "పెద్దలేమన్నారు? ఆడదాని వయసు, మగాడి జీతం అడగరాదన్నారు. మన ఆసుపత్రిలో జీతాల మాట ఎత్తినవాళ్ళకి ఉద్యోగం ఉండదు." పెద్దల మాట అనేసరికి అందరూ తలలూపారు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. అడవిలో పచ్చటాకు లేదు. నూకాలుకి కవల పిల్లలు, అప్పుడప్పుడే పాలు మరిచి మేత పట్టారు. వానలు పడేదాకా తల్లికి జీతంగా వచ్చే ఉలవలే వాళ్ళకి గతి. సరిగ్గా అప్పుడే పేరయ్య నవ్వుకుంటూ వచ్చాడు.

"నూకాలమ్మగారూ, బాగున్నారా?"

నూకాలు రెండడుగులు వెనక్కి వేసింది. ఇన్నాళ్ళూ అతని నోట 'ఒసేయ్ నూకాలూ' తప్ప ఇంకో పిలుపు వినలేదు.

"ఏంటి బాబూ, గారు తగిలించావు?"

"పెద్ద ఉద్యోగం రాబోతోంది కదా, ఇప్పట్నించే అలవాటు చేసుకుంటున్నా. వచ్చే నెల నుంచి నువ్వు కూడా మందులిచ్చే నర్సువే."

"పరీక్ష రాయలేదే నేను?"

"నీకు పరీక్షేమిటి? ఆకుల సంగతి నీకన్నా ఎవరికి తెలుసు? ఎలుగుబంటిగారితో నేను మాట్లాడతాలే."

"మరి జీతం?"

పేరయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మామూలు నర్సు జీతానికి సరిగ్గా రెట్టింపు. పైడమ్మకీ అంతే. నా తోడు, ఒక్క గింజ తేడా ఉండదు."

"నామీద అంత ప్రేమ ఎందుకొచ్చింది?"

"పిల్లల తల్లివి. నీ అవస్థ చూడలేకపోతున్నా."

మేక పిల్లల మీద నక్కకి జాలి కలిగిందట, వినండి. అతి వినయం ధూర్త లక్షణం అని ఊరికే అనలేదు. నూకాలు అవుననలేదు, కాదనలేదు. రేపు చెబుతానని పంపేసింది.

మధ్యాహ్నం వాగు దగ్గర కట్టుగుడ్డలు ఉతుకుతోంది గానీ మనసు అక్కడ లేదు. నిజంగా రెట్టింపైతే పిల్లలు గట్టెక్కుతారు. ఇందులో ఏదైనా మెలిక ఉంటే ఎండాకాలం సగంలోనే పస్తులు. మెలిక ఎక్కడుందో తెలియాలంటే పైడమ్మని అడగాలి. అడిగితే ఉద్యోగం పోతుంది. మేక కదా, పెద్దల మాటని కూడా నోట్లో వేసుకుని నెమరేసింది. ఆడదాని వయసు, మగాడి జీతం. మగాడి జీతం.

అంతలో పైడమ్మ నీళ్ళు తాగడానికి వచ్చింది.

"పైడక్కా," అని పిలిచింది నూకాలు.

పైడమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ పిలుపు విని రెండేళ్ళయింది.

"మనం మగాళ్ళమా అక్కా?"

"ఎండదెబ్బ గానీ తగిలిందా నీకు?"

"పెద్దలు అడగొద్దన్నది మగాడి జీతం. మనిద్దరం ఆడవాళ్ళమే. నీ వయసు నేనడగను. జీతమెంతో చెప్పు."

పైడమ్మ ఎగాదిగా చూసింది. "చెబితే వెళ్ళి కుందేలుతో అంటావు. గంధప్పొడి అంటావు."

"అన్నాను. కుళ్ళుబోతుతనంతో అన్నాను. తప్పే."

పైడమ్మ దగ్గరికి వచ్చి చెప్పింది. "నెలకి పది కుంచాల ఉలవలు."

"పైన?"

"పైన ఏముంది, ఆకాశం."

"రాత్రి డ్యూటీ కూలి ఇవ్వడా?"

"మందులిచ్చే నర్సంటే అధికారితో సమానమట. అధికార్లకి రాత్రి కూలి ఉండదట. ఎన్ని రాత్రులు చేసినా పదే. అయినా నాకేం, నీకు అయిదే అని పేరయ్య చెప్పాడు. అయిదు తినేదాని ముందు పది తినడానికి సిగ్గేసి అటు తిరిగి తింటున్నా."

నూకాలు ఉతుకుతున్న గుడ్డ వాగులో కొట్టుకుపోయింది. అది చూసుకోలేదు.

"అయిదన్నది నిజమే అక్కా. కానీ రాత్రులకి వేరే ఇస్తాడు. నువ్వు నాలా ఉన్నప్పుడు రాత్రి పని అంతగా లేదు. ఈమధ్య పులి తిరుగుతోంది, గాయాలతో వచ్చేవాళ్ళు ఎక్కువ. కిందటి నెల అన్నీ కలిపి నాకు పన్నెండొచ్చాయి."

రెట్టింపు అన్నమాటలో అబద్ధం లేదు చూశారా. అయిదుకి పది రెట్టింపే. పన్నెండు తెచ్చుకునేదాన్ని పదికి దింపి, రాత్రులన్నీ ఉత్తపుణ్యానికి చేయించుకోవడానికి నక్క పెట్టిన పేరు ప్రమోషను. పైడమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. అంత చదువు చదివి మామూలు నర్సు కన్నా తక్కువ తింటున్నందుకు కాదు, జాలిపడి మరీ మోసపోయినందుకు.

"నాకొద్దని చెప్పేస్తా," అంది నూకాలు.

"ఒప్పుకో," అంది పైడమ్మ. సాధువు రేగితే ఆపతరం కాదంటారు, గాడిదకి రేగింది. "ఇద్దరం అధికార్లమే అవుదాం. అధికారి పుళ్ళు కడగదు."

నూకాలు ఒప్పుకుంది. పేరయ్య ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

మరుసటి నెల మొదట్లోనే చిరుత కుంటుకుంటూ వచ్చాడు. పంజా బూరెలా వాచి ఉంది. పైడమ్మ చూసి, "చీము పట్టింది. కడిగి, పసరు పోసి, కట్టు కట్టాలి," అంది. "అవును, కట్టు కట్టాలి," అంది నూకాలు. ఇద్దరూ వెళ్ళి నీడన కూర్చున్నారు.

"కట్టండి మరి," అన్నాడు చిరుత.

"అది మామూలు నర్సు పని దొరా. మేమిద్దరం మందులిచ్చేవాళ్ళం. నర్సెవరో మేనేజరుగారినే అడగండి."

పేరయ్య పరుగెత్తుకొచ్చాడు. "నూకాలూ, ఆటలాడుతున్నావా? కట్టు కట్టు."

"అధికారిని పట్టుకుని ఆ పిలుపేమిటి బాబూ? ఉన్న ఒక్క నర్సుకీ నువ్వే ప్రమోషనిచ్చావు. ఇక మిగిలింది నువ్వే."

చిరుత పంజా తీసుకెళ్ళి పేరయ్య ఒళ్ళో పెట్టాడు. "ఎవరో ఒకరు, తొందరగా."

పేరయ్య పరుగున పసరు తెచ్చి పోశాడు. చల్లగా పోయాల్సింది మరిగేది పోశాడు. చిరుత రెండో పంజాతో ఒక్కటిచ్చాడు. మేనేజరుగారు వెళ్ళి తుమ్మకంపలో పడ్డారు.

"ఏం కావాలో చెప్పండమ్మా," అన్నాడు అక్కడినుంచే.

"అక్కకి పది కుంచాలు, రాత్రి చేస్తే రాత్రి కూలి. నాకు నా పాత పని, నా పాత జీతం. చదవకుండా మందులిచ్చే ఉద్యోగం నాకొద్దు. చదివే వస్తాను," అంది నూకాలు.

"సరే, అలాగే."

"నాకు చెప్పడం కాదు. చిరుత దొరకి వినపడేలా చెప్పు."

పేరయ్య గట్టిగా చెప్పాడు. చిరుత విన్నానన్నాడు. అప్పుడు నూకాలు లేచి వెళ్ళి పంజా కడిగి కట్టు కట్టింది. ఆ నెలాఖరున ఉలవలు కొలిచి ఇస్తుంటే కుంచం అడుగు తడిమి చూసుకుని మరీ తీసుకుంది. పిల్లలు వానల దాకా ఆకలెరగలేదు.

పేరయ్య చెవి చీరుకుపోయి, ఒళ్ళంతా తుమ్మముళ్ళతో కట్టు కోసం వరసలో నిలబడ్డాడు. ముందు నిలబడ్డ కుందేలు జరగలేదు.

పనివాళ్ళు జీతాలు ఒకరికొకరు దాచుకుంటే, మిగులు జీతమిచ్చేవాడికే.