తిప్పడం ఆగని చేతులు

పైడయ్య మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరేది అడిగినా నోటితో జవాబు చెప్పరు. చేతిలో ఓ గాజుకడ్డీ పెట్టి, బర్నర్ ముందు కూర్చోబెడతారు. ఆ తర్వాత అడిగినవాళ్ళ ఖర్మ!

విశాఖలో ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ లాబుకి ముప్ఫై ఎనిమిదేళ్ళు గాజుసామాను చేసిన మనిషి ఆయన. ఆయన ఊదిన ఫ్లాస్కుల్లో మరిగిన మందులతో ఎంతమంది డాక్టరేట్లు కొట్టారో చెప్పలేం. నూకరత్నం పన్నెండేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. గురువు పేరెత్తితే చాలు, ఆవిడ మెడ నిటారుగా లేస్తుంది. ఆయన చేసిన గొట్టంలో వెంట్రుకవాసి వంకర చూపిస్తే ఈ పని మానేస్తానని నలుగురిలో పందెం కాసిన మనిషి!

అలాంటి మాస్టారు రిటైరయ్యాక ఏం చేశారో చూడండి. ఊళ్ళో ఆర్ట్స్ కాలేజీకి చెక్ దేశం నుంచి గాజు కళాకారులొచ్చి అయిదు రోజులు పని నేర్పుతారని తెలిసి, ఫారం నింపి, శిష్యురాల్ని వెంటబెట్టుకెళ్ళి, కాలేజీ పిల్లల మధ్య ముందు బల్ల దగ్గర కూర్చున్నారు. ఒక పక్క పెద్ద కొలిమి దగ్గర కూజాలు ఊదుతున్నారు. రెండో పక్క ఈవా అనే అమ్మాయి మంట మీద కడ్డీలు కరిగించి పూలూ ఆకులూ చేయిస్తోంది. ఆ పిల్లకి ముప్ఫై కూడా నిండలేదు.

మొదటి పాఠం ఆకు. కరిగిన గాజుముద్దని పట్టకారుతో అదిమి, మళ్ళీ కాచి, అక్కడితో తిప్పడం ఆపెయ్యాలి. ఆపితే గాజు తన బరువుకి తానే ఓ పక్కకి వాలుతుంది. ఆ వాలులోనే ఉంది ఆకు అందమంతా. కానీ మాస్టారి చేతులు ఆగవే! లాబు పనిలో తిప్పడం ఆపితే గొట్టం వంకరపోతుంది. ఆ భయం ఆయన వేళ్ళలోకి ఇంకిపోయింది. ఆకు స్కేలు పెట్టి గీసినట్టొచ్చింది. రెండోదీ అంతే, ఏడోదీ అంతే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూనే అడిగేసింది. "ఏటి మాస్టారూ ఇది? మీకు తెలీనిదేటుందని ఆ పిల్ల దగ్గర నవ్వులపాలవడం? మీ పరువు పోతే నా పన్నెండేళ్ళూ గంగలో కలిసినట్టే. పోదాం పదండి."

మాస్టారు నింపాదిగా పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఆవిడని తన పక్క బర్నర్ ముందు కూర్చోబెట్టారు. "నువ్వొక ఆకు చెయ్యమ్మా" అన్నారు.

ఓస్, ఇంతేనా అనుకుంది నూకరత్నం. చకచకా చేసేసింది. గాజు పగలకుండా మెల్లగా చల్లారే పెట్టెలోంచి మర్నాడు తీసి చూస్తే, ఏముంది? అదే స్కేలు గీత. ఈవా మాస్టారి ఆకునీ ఆవిడ ఆకునీ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఏది ఎవరిదని అడిగింది. చేసినవాళ్ళిద్దరూ తెల్లమొహం వేశారు.

నూకరత్నం మాత్రం పొంగిపోయింది. తన పని గురువు పనితో కలిసిపోయిందంటే ఇంకేం కావాలి? అందర్నీ పిలిచి చూపించింది. మాస్టారు నవ్వలేదు. ఆ రెండాకులకేసి చాలాసేపు చూసి, మళ్ళీ బర్నర్ వెలిగించారు. ఆ పూట టీకి కూడా లేవలేదు. ఆయనకేసి చూస్తే నూకరత్నానికి పదండి అనడానికి నోరు రాలేదు. తనూ బర్నర్ వెలిగించుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం మాస్టారి చేతులు ఆగాయి. నుదుటి మీద చెమట కారుతున్నా కదల్లేదాయన. గాజు మెల్లగా వాలింది, వాడిన తమలపాకులా. కిసుక్కుమన్న పిల్లలే చప్పట్లు కొట్టారు. అరవై దాటిన మనిషి ముఖం వెలిగిపోయింది. అది చూసి నూకరత్నానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఊఁ, ఇక నువ్వు" అన్నారాయన.

ఆవిడ కూడా ఊపిరి బిగబట్టి చేతులు ఆపింది. గాజు వాలింది. కానీ మాస్టారి ఆకు వాలినట్టు కాదు. మొన దగ్గర చిన్న మెలిక తిరిగి, గాలికి వెనక్కి చూస్తున్నట్టు వచ్చింది. అయ్యో, పాడైందా అనుకుని గురువు ముఖంలోకి చూసింది. ఆయన ఆ ఆకుని జాగ్రత్తగా చల్లారే పెట్టెలో పెట్టేశారు.

ఆఖరి రోజు పొద్దున్న పెట్టె తెరిచారు. ఈసారి ఈవా ఎవరినీ అడగలేదు. ఎవరి ఆకు వాళ్ళ చేతికిచ్చేసింది. మాస్టారు తన ఆకుని బల్ల మీదే వదిలేసి, నూకరత్నం ఆకుని అరచేతిలో పెట్టుకుని ప్రతి బల్ల దగ్గరికీ వెళ్ళారు. కొలిమి దగ్గర కూజాలు ఊదేవాళ్ళని కూడా వదల్లేదు. నూకరత్నం వెనకాలే నడిచింది, ఏం తప్పు చూపిస్తారోనని.

"బాగా చూడండయ్యా" అంటున్నారాయన గర్వంగా. "ఇందులో నా చెయ్యి ఎక్కడా లేదు."