రవ్వమ్మ పళ్ళ వైద్యం

జీడికొండ అడవిలో ఎలుగులు, కణుజు జింకలు, కోతులు, కుందేళ్ళు కలిసి బతికేవి. వాటిలో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా రవ్వమ్మ అనే వడ్రంగిపిట్ట దగ్గరికే పోయేవి. పన్ను సందులో ఏది ఇరుక్కున్నా రవ్వమ్మ తన పొడవాటి ముక్కుతో నొప్పి తెలియకుండా తీసేది. అంత నేర్పరి ఆమె! అందుకు దొప్పెడు చెదపురుగులు తీసుకునేది.

ఒక ఏడాది ఇప్పచెట్లు విరగబూశాయి. ఏ కొమ్మ చూసినా తేనెపట్టే. జంతువులన్నీ పొద్దస్తమానం తీపే తిన్నాయి. ఇంకేముంది, రవ్వమ్మ ఉండే మద్దిచెట్టు కింద బారులు తీరాయి.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. పువ్వు లేదు, తేనె లేదు. చెదపురుగులు కూడా నేల లోతుకు దిగిపోయాయి. చెట్టు కిందకు ఒక్కరూ రాలేదు.

"తీపి తినడం తగ్గింది. అందరి పళ్ళూ బాగున్నట్టున్నాయి," అని రవ్వమ్మ సంతోషించింది.

ఒకరోజు వాగు ఒడ్డున ముసలి కణుజు సోమక్క కనిపించింది. ఎముకలు తేలి ఉంది. ఎదురుగా గడ్డి ఉన్నా ముట్టడం లేదు.

"ఏం సోమక్కా, మేయవేం?"

"పన్ను సలుపుతోందమ్మా. నెల అయింది."

"మరి నా దగ్గరికి రాలేదేం?"

సోమక్క తల దించుకుంది. "నీకివ్వడానికి నాలుగు పురుగులైనా దొరకలేదు. ఊరికే ఎలా రాను తల్లీ?"

రవ్వమ్మ గుండె కలుక్కుమంది. తీపి తగ్గి కొందరు బాగుపడిన మాట నిజమే. కానీ నొప్పి ఉండీ, ఇచ్చుకోలేక రానివాళ్ళు ఇంకెందరున్నారో!

అక్కడికక్కడే సోమక్క పన్ను బాగుచేసింది. ఆ రోజు నుంచి తనే పొదపొదకూ, గుహగుహకూ ఎగిరి వెళ్ళింది. "ఉన్నప్పుడు ఇద్దురుగాని, ముందు నోరు తెరవండి," అనేది. తిన్నాక నోరు పుక్కిలించమని, వేపపుల్ల నమలమని చెప్పేది. తాను మాత్రం ఎండుకొమ్మల్లో దొరికిన నాలుగు చీమలతో సరిపెట్టుకునేది.

ఎలుగుబంటి భీమన్న మాత్రం గుహ నిండా తేనె, చెదలు దాచుకున్నాడు. అడవంతా పస్తులున్నా తీపి మానలేదు. అతని దవడ పన్ను పుచ్చింది.

"చిన్న పుచ్చే భీమన్నా, ఇప్పుడే బాగుచేస్తాను. కలిగినవాడివి, దొప్పెడు చెదలు ఇవ్వు," అంది రవ్వమ్మ.

"ఈ కరువులో దొప్పెడు చెదలా! నా పళ్ళు రాళ్ళు కొరుకుతాయి. వెళ్ళు వెళ్ళు!" అని కసిరాడు భీమన్న.

నెల తిరిగేసరికి అతని దవడ గుమ్మడికాయలా వాచింది. ఏడుస్తూ వచ్చి మద్దిచెట్టు కింద కూలబడ్డాడు. పుచ్చు పక్క పళ్ళకూ పాకింది. రవ్వమ్మ ఒక్క మాట దెప్పలేదు. ఓపికగా వైద్యం చేసింది. ప్రాణం నిలిచింది గాని, మూడు పళ్ళు తీసేయక తప్పలేదు.

మళ్ళీ వానలు పడ్డాయి. అడవిలో తేనె నిండింది. ఈసారి జంతువులు నొప్పి రాకముందే రవ్వమ్మ దగ్గరికి వచ్చాయి. కలిగినవి దండిగా చెదలు తెచ్చాయి. లేనివి సిగ్గుపడకుండా వచ్చాయి. పక్క అడవుల పిట్టలు కూడా ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చి వాలాయి.

"నువ్వు చల్లగా ఉండు తల్లీ. నీ వల్లే మా నోట్లోకి ఇంత గడ్డి దిగుతోంది," అంది సోమక్క, కడుపు నిండా మేస్తూ.

నీతి: బాధ ఉండీ అడగలేని వారిని వెతుక్కుంటూ వెళ్ళి ఆదుకునేవారే గొప్పవారు. ఉండీ చిన్న ఖర్చుకు వెనకాడేవారు పెద్ద నష్టం కొనితెచ్చుకుంటారు.