నిచ్చెన ఎక్కిన మెరుపు

దగ్గరికి జరగండర్రా. వెనక ఉన్నవాళ్లు ముందుకు రండి. చాప చాలకపోతే సర్దుకు కూర్చోండి.

అనగనగా ఒక పట్నంలో వరదయ్య అనే బెల్లం వర్తకుడు. అతని ఇంట్లో ఒక పిల్లి. దాని పేరు మెరుపు. పేరుకు మెరుపే గాని, నడక మబ్బు నడక. గడప దాటదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

ఎందుకంటారా? పొద్దున్నే వరదయ్య తల్లి పెరుగన్నం పెట్టేది. "పాపం, నోరులేని జీవం, ఎవరూ ఏమీ పెట్టినట్టు లేదు" అంటూ కోడలు కామాక్షమ్మ పాలు పోసేది. కొట్టు నుంచి వచ్చి వరదయ్య నేతిముద్ద పెట్టేవాడు. మెరుపు ముగ్గురివైపూ ఆకలి చూపే చూసేది.

ఒకనాడు దానికి ఊపిరాడలేదు. వైద్యుడు వచ్చి పొట్ట తడిమి చూశాడు.

"తిండి తగ్గాలి, ఒళ్లు కదలాలి. లేకుంటే ఈ పిల్లి వానాకాలం చూడదు" అన్నాడు.

కామాక్షమ్మ కంట నీరు పెట్టుకుంది.

వరదయ్య మెరుపుకు తాడు కట్టి వీధిలో నడిపించబోయాడు. అది వెల్లకిలా పడుకుంది. ఈడుస్తుంటే పొరుగాయన చూసి, "ఏం వరదయ్యా, బెల్లం బస్తాకు మీసాలెప్పుడు మొలిచాయి?" అని నవ్వాడు.

మర్నాడు వరదయ్య ఒక ఎలుకను పట్టి తెచ్చి పిల్లి ముందు వదిలాడు. ఎలుక వణికింది. పిల్లి కదల్లేదు. కాసేపటికి ఎలుకే ధైర్యం చేసి పాలగిన్నెలో మూతి పెట్టింది. మెరుపు కాస్త పక్కకు జరిగి చోటిచ్చింది. ఆనాటికి అదే దాని నడక.

మూడోనాడు ఇల్లు ఊడ్చే సోమాలు చీపురు పక్కన పెట్టింది.

"అమ్మగారూ, గిన్నె ఒక్కటే ఉంచండి. దాన్ని అటక నిచ్చెన మీద పెట్టండి. రెండ్రోజులకో మెట్టు పైకి జరపండి. ఎవరికి పెట్టాలనిపించినా అందులోనే పెట్టాలి, అదీ పూటకు గుప్పెడే."

గిన్నె మొదటి మెట్టు ఎక్కింది. మెరుపు కింద కూర్చుని ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. కామాక్షమ్మ మనసాగక గిన్నె దించబోయింది.

సోమాలు అడ్డం నిలిచింది. "పిల్లి బతకాలా అమ్మగారూ, మీ జాలి బతకాలా?"

కామాక్షమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

సాయంత్రానికి మెరుపు ముందుకాళ్లు మెట్టు మీద వేసింది. తరువాత రెండో మెట్టు, ఆపైన మూడోది. గిన్నె పైకి పోయేకొద్దీ ముసలమ్మ ఎక్కలేక పెరుగన్నం పెట్టడం మానుకుంది. వరదయ్య ఒకసారి నేతిముద్దతో ఎక్కి, రొప్పుతూ దిగి, "దీనికి నెయ్యి పడదులే" అన్నాడు.

తొలకరి కురిసింది. గిన్నె అటక మీద ఉంది. మెరుపూ అటక మీదే ఉంది. కింద పాత చుట్టం ఎలుక పాలదుత్త దగ్గరికి నింపాదిగా వచ్చింది. పైనుంచి మెరుపు దూకింది. ఎలుక తూములోంచి పారిపోయి, మళ్లీ ఆ ఇంటి ముఖం చూడలేదు.

ఇక లేవండి, అమ్మలు అన్నాలకు పిలుస్తున్నారు. ఎవరి కంచం వాళ్లే తెచ్చుకోండి. దారిలో ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: నోటికి అందించేదే ప్రేమ కాదు, అడుగు వేయించేదీ ప్రేమే.